రోమియో జూలియట్ వేస్తున్నాం. ఎదురెదురుగా నిలబడితే నవ్వొస్తోంది. ప్రేమికుల్లా ఎలా తయారవ్వాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీరు డిగ్రీ చివరి సంవత్సరం. కాలేజీ వార్షికోత్సవానికి రోమియో జూలియట్ తెలుగులో వేస్తున్నారు. జూలియట్ మీరు, రోమియో మీ క్లాసు అబ్బాయి. ఇంకా ఐదు వారాల టైముంది. రిహార్సల్లో ఎదురుపడగానే ఇద్దరికీ నవ్వొస్తోంది, లేకపోతే బిగుసుకుపోతున్నారు. "ఫీల్ రావట్లేదు" అని మీ డైరెక్టర్ రోజూ అంటున్నారు. పైగా నాటకం రోజు మీ అమ్మానాన్న ముందు వరుసలో కూర్చుంటారని టెన్షన్.

ముందు సమాధానం చెప్పేస్తాను. ప్రేమను నటించే ప్రయత్నం పూర్తిగా మానేయండి. ఆ సీన్లో మీకు ఏం కావాలి, చేతిలో ఎంత టైముంది, ఎవరు వచ్చి పడతారు అనేవి తెలుసుకుని వాటిని ఆడండి. అవతలి మనిషి మాట మొదటిసారి వింటున్నట్టు వినండి. ఈ రెండూ చేస్తే ప్రేమ చూసేవాళ్ళకి దానంతట అదే తెలుస్తుంది.

ఇరవై రెండేళ్ళుగా హైదరాబాద్‌లో కాలేజీ పిల్లలతో నాటకాలు వేయిస్తున్నాను. ఈ నాటకం తెలుగులో మూడుసార్లు, శాకుంతలం రెండుసార్లు చేయించాను. మొదటి వారంలో ప్రతి జంటా నన్ను అడిగింది ఇదే.

"ప్రేమగా చూడు" అంటే నటుడు ఏం చేయగలడు? కళ్ళు పెద్దవి చేస్తాడు, తల పక్కకు వంచుతాడు, గొంతు మెత్తగా పెడతాడు. అవతలి అమ్మాయి కూడా అదే చేస్తుంది. ఇద్దరూ చేస్తున్నది అబద్ధమని ఇద్దరికీ తెలుసు, అందుకే నవ్వొస్తుంది. ఆ నవ్వు తప్పు కాదు, మీ ఒళ్ళు నిజం చెబుతోంది. అదే "గోడ ఇంత ఎత్తుంది, ఎలా ఎక్కొచ్చావు? మావాళ్ళు చూస్తే చంపేస్తారు" అని అడగమంటే మీరు ఇప్పుడే అడగగలరు, నవ్వు రాదు. ఆ ఇద్దరి కుటుంబాల మధ్య పగ. రాత్రి తోటలో రోమియోను గుర్తుపట్టాక జూలియట్ అడిగేది అదే. ఆమె ముందు అతని ప్రాణం గురించి అడుగుతుంది. ఆ అడగడంలోనే అంతా ఉంది.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. షేక్‌స్పియర్ జూలియట్ పాత్రను అబ్బాయి వేయడానికి రాశాడు. ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళు వృత్తి నాటకాల్లో స్టేజీ ఎక్కింది 1660 తర్వాతే. మన దగ్గర ఆడవేషాలకు పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు గారు సత్యభామగా స్టేజీ మీదికి వస్తే జనం ఊగిపోయేవారు. అక్కడెక్కడా నటీనటుల మధ్య నిజమైన ప్రేమ అవసరం పడలేదు. చెప్పే మాటలో, నడకలో, ఆగే చోటులో పని జరిగింది. మీ ఇద్దరి మధ్య ఏమీ లేకపోవడం లోటు కాదని చెప్పడానికే ఇదంతా.

ఈ ఇద్దరికీ టైము లేదు. మీ తయారీ అంతా ఇక్కడ మొదలవ్వాలి.

ఈ కథకు ఆధారం 1562లో ఆర్థర్ బ్రూక్ రాసిన పెద్ద పద్యకథ. అందులో ప్రేమ నెలల తరబడి సాగుతుంది, జూలియట్‌కు పదహారేళ్ళు. షేక్‌స్పియర్ నెలల్ని రోజులు చేశాడు, ఆమె వయసు పద్నాలుగు నిండకుండా చేశాడు. ఆదివారం రాత్రి విందులో పరిచయం, సోమవారం మధ్యాహ్నం పెళ్ళి, పెళ్ళయిన గంటకే రోమియో చేతిలో జూలియట్ బంధువు టిబాల్ట్ చావు, అందుకు ఊరి నుంచి వెలివేయబడ్డ రోమియోకు మంగళవారం తెల్లవారుతుండగా వీడ్కోలు. వారం తిరక్కుండా ఇద్దరూ లేరు.

నాటకం మొత్తంలో వాళ్ళిద్దరూ ఒకచోట కలిసేది ఐదుసార్లే: విందు, తోట, పెళ్ళి, తెల్లవారుజాము, సమాధి. చివరిసారి ఇద్దరూ ఒకేసారి మెలకువగా ఉండరు. కాబట్టి మాట్లాడుకున్నది నాలుగుసార్లే. ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డం వస్తారు. విందులో దాది వచ్చి మీ అమ్మ పిలుస్తోందంటుంది. తోటలో లోపల్నుంచి అదే దాది కేకలు. పెళ్ళి జరిపించే లారెన్స్ గురువు, పెళ్ళయ్యేదాకా మిమ్మల్ని ఒంటరిగా వదలనంటాడు. తెల్లవారుజామున మీ అమ్మ గదికి వస్తోందని మళ్ళీ దాది. ఆఖరికి సమాధిలో కూడా బయట కాపలావాళ్ళ అలికిడి విని, జూలియట్ త్వరగా ముగించాలనుకుంటుంది.

మీ స్క్రిప్టు తీసుకుని ఈ అడ్డంకులన్నిటికీ ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. ఒక్కో సీన్లో ఆ గీతకు ముందు మీ దగ్గర ఎన్ని మాటలున్నాయో చూడండి. మీరు రిహార్సల్లో డైలాగు చివర సాగదీసి, ఒకరినొకరు చూసుకుంటూ ఆగుతున్నారని మీ ప్రశ్నలో రాశారు. ఆ ఆగడానికి నాటకంలో వీలే లేదు. తలుపు అవతల దాది ఉంది. వేగం పెంచి చూడండి, సగం ఇబ్బంది అక్కడే పోతుంది.

మొదటి కలయికకు వద్దాం. నా లెక్కలో ఐదు వారాల్లో ఒక వారం దీనికే ఇవ్వాలి. విందులో వాళ్ళు మొట్టమొదట మాట్లాడుకునే పద్నాలుగు పంక్తులు కలిపితే ఒక సానెట్ (పద్నాలుగు పంక్తుల ఇంగ్లీషు పద్యం) అవుతుంది. మొదటి నాలుగూ రోమియోవి, తర్వాతి నాలుగూ జూలియట్‌వి, ఆ పైన చెరికాసినీ. అతను తనను యాత్రికుడిననీ ఆమెను దేవతా విగ్రహమనీ అంటాడు. ఆమె ఆ ఆట పట్టేసి అదే పోలికతో తిప్పికొడుతుంది. పేరు కూడా తెలియని ఇద్దరు కలిసి ఒక పద్యం కట్టేశారు. మన అవధానంలో సమస్య ఇస్తే పూరించినట్టు, అతను ఎత్తుకుంటే ఆమె అందుకుంది. అనువాదంలో ఆ ఛందస్సు పోవచ్చు, కానీ అందుకోవడం పోకూడదు. అతని చివరి మాట మీ నోట్లో పడి మారి బయటికి రావాలి. బంతి ఆడుకుంటూ ఈ పద్నాలుగు పంక్తులు చెప్పుకోండి: బంతి చేతిలో పడ్డాకే మాట, మాట అయ్యాకే బంతి వెనక్కి. మూడు రోజుల్లో మీరు ఒకరినొకరు వినడం మొదలుపెడతారు. "ఫీల్" అని మీ డైరెక్టర్ అడుగుతున్నది ఇదే.

ఆ సీను చివర ఇంకో చిన్న ముక్క ఉంటుంది. చాలామంది కోసేస్తారు, మీరు కోయనివ్వకండి. అందరూ వెళ్ళిపోతుంటే జూలియట్ దాదిని ఆ వెళ్ళే మనిషెవరు అని అడుగుతుంది. రోమియో గురించి నేరుగా అడగదు. ముందు ఒకరి గురించి, తర్వాత ఇంకొకరి గురించి, మూడోసారి మాత్రమే అతని గురించి. హాస్టల్లో ఉన్న ఏ అమ్మాయికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. నేను చేయించినప్పుడు మొదటి రెండు ప్రశ్నలు మామూలుగా అడిగి, మూడో ప్రశ్నకు ముందు చున్నీ సరిచేసుకోమన్నాను. హాల్లో వెనక వరుసలో ఆడపిల్లలు ఘొల్లున నవ్వారు. "ప్రేమగా చూడు" అని నెల రోజులు చెప్పినా అది వచ్చేది కాదు.

తోట సీను. దీనికి "బాల్కనీ సీన్" అని పేరొచ్చింది కానీ నాటకం మొత్తంలో బాల్కనీ అన్న మాటే లేదు, కిటికీ అని ఉంటుంది. కాబట్టి పెద్ద సెట్ లేదని బాధపడొద్దు. ఒక గట్టి బల్ల చాలు. కావలసింది దూరం. మొదటిసారి చేయించినప్పుడు నేను నిచ్చెన పెట్టించాను. రోమియో ఎక్కి చేయి పట్టుకునేవాడు. పట్టుకున్న క్షణం నుంచి సీను చల్లబడిపోయేది. ఎందుకో తెలియక పది రోజులు తిప్పలు పడ్డాం. నిచ్చెన తీసేశాక ఇద్దరూ ముందుకు వంగి మాట్లాడటం మొదలుపెట్టారు, గొంతుల్లో ఆత్రం వచ్చింది. అందేంత దగ్గరుంటే మాటతో పనేముంది? అందని దూరంలో ఉన్నారు కాబట్టే అన్ని మాటలు. మీ డైరెక్టర్ నిచ్చెన పెడితే, మర్యాదగా ఒక్కరోజు తీసేసి చూద్దామని అడగండి.

"రోమియో, నువ్వు రోమియోవి ఎందుకయ్యావు" అన్న మాట దగ్గర జాగ్రత్త. ఇంగ్లీషులో అక్కడున్న పాత మాటకు అర్థం "ఎందుకు". కొన్ని స్క్రిప్టుల్లో "ఎక్కడున్నావు" అని రాసేస్తారు. జూలియట్ నుదుటికి చేయి అడ్డం పెట్టి చీకట్లో వెతుకుతుంది. అది తప్పు. అతను అక్కడున్నాడని ఆమెకు తెలియదు, తనలో తను మాట్లాడుకుంటోంది. మా శత్రువుల పేరే నీకెందుకు ఉండాలి అన్నది ఆమె బాధ. మీ స్క్రిప్టులో ఎలా ఉందో ఈ రోజే చూసుకోండి.

ఆ సీన్లో ఇద్దరి తీరు వేరు. రోమియో ప్రేమ రెక్కలతో గోడ దాటానంటాడు, చందమామ మీద ఒట్టేస్తానంటాడు. జూలియట్ రోజుకో రూపం మార్చే చందమామ మీద ఒట్టు వద్దంటుంది. ఇదంతా మరీ తొందరగా జరుగుతోందని ఆమే అంటుంది, పెళ్ళి మాటా ఆమే ఎత్తుతుంది, రేపు కబురు ఎన్నింటికి పంపాలో కూడా ఆమే అడుగుతుంది. తొమ్మిదింటికి అంటాడతను. కాబట్టి ముద్దు ముద్దుగా, చిన్నపిల్ల గొంతుతో జూలియట్‌ను చేయకండి. ఆ ఇద్దరిలో ఆలోచన ఆమెది. మీ రోమియోకు కూడా ఒక మాట చెప్పండి: నాటకం మొదట్లో అతను రోసలిన్ అనే అమ్మాయి కోసం "చల్లని నిప్పు" లాంటి అలంకారాలు గుప్పిస్తుంటాడు. ఆ అమ్మాయికి నాటకంలో ఒక్క డైలాగు కూడా లేదు. అప్పటి రోమియోకు, జూలియట్ ముందు నిలబడ్డ రోమియోకు తేడా కనిపించాలి. మొదటివాడు తన గొంతు తను వింటాడు. రెండోవాడు ఆమె మాట వింటాడు.

వెళ్ళిపోతున్న అతన్ని జూలియట్ వెనక్కి పిలుస్తుంది. ఎందుకు పిలిచానో మర్చిపోయానంటుంది. గుర్తొచ్చేదాకా ఇక్కడే నిలబడతానంటాడు. మన శాకుంతలం మొదటి అంకం చివర శకుంతల, కాల్లో దర్భ గుచ్చుకుందనీ నారచీర కొమ్మకు చిక్కిందనీ ఆగి, దుష్యంతుణ్ణి వెనక్కి తిరిగి చూస్తుంది. రెండు దేశాలు, రెండు కాలాలు, ఒకటే పని: వెళ్ళాలి, వెళ్ళబుద్ధి కాదు, ఏదో ఒక సాకు కావాలి. కందుకూరి వీరేశలింగం గారు తెలుగు చేసిన శాకుంతలం దొరికితే ఆ ఘట్టం ఇద్దరూ కలిసి చదవండి. జూలియట్‌కు అంతకంటే మంచి పాఠం లేదు. సాకును నిజంగా వెతుక్కోండి. "అబ్బ, ఏదో చెప్పాలనుకున్నానే" అన్నట్టు.

ఇక్కడ నేను ఎప్పుడూ చేయించే అభ్యాసం ఒకటుంది. స్క్రిప్టు పక్కన పెట్టి, సీను మొత్తం ఎవరి ఇంటి భాషలో వాళ్ళు చెప్పాలి. ఒక ఏడాది జూలియట్ కరీంనగర్ వైపు అమ్మాయి, రోమియో రాజమండ్రి అబ్బాయి. "గోడ గింత ఎత్తున్నది, ఎట్ల దుంకినవ్? మావోళ్ళు జూస్తే సంపుతరు" అంది ఆ అమ్మాయి. ఆ క్షణం ఆ అబ్బాయి మొహంలో వచ్చిన వెలుగు అంతకు ముందు నెల రోజుల్లో రాలేదు. తర్వాత మళ్ళీ స్క్రిప్టు మాటలకు వెళ్ళారు. మాట మారింది, లోపలి పని మాత్రం అలాగే నిలిచింది. హైదరాబాద్ కాలేజీల్లో అన్ని జిల్లాల పిల్లలూ ఉంటారు, ఆ వరం వాడుకోండి. ఇంకోటి, పక్క గదిలో వార్డెన్ పడుకుని ఉందనుకుని మొత్తం సీను గుసగుసగా చెప్పండి. తర్వాత అదే గుసగుస హాలు చివరి వరుసలో నిలబడ్డ స్నేహితురాలికి వినబడేలా చెప్పండి. రవీంద్రభారతి లాంటి పెద్ద హాలైనా మీ కాలేజీ సెమినార్ హాలైనా, మైకును నమ్ముకుని మాట చివర మింగేస్తే మీ ప్రేమ మూడో వరుస దాటదు.

నిజంగా ప్రేమలో ఉన్న ఇద్దరిని రోమియో జూలియట్లుగా పెడితే బావుంటుందని ఒకసారి నేనూ అనుకుని పెట్టాను. అది నా తప్పు. వాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు, చూసేవాళ్ళకి చెప్పలేదు. గొంతులు బయటికి రాలేదు, ఒక రోజు గొడవపడితే రిహార్సలే ఆగిపోయింది. ఇంకో ఏడాది జంట అసలు ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు. అవతలివాళ్ళు ఎక్కడ తప్పు చేస్తారోనని ఒకరినొకరు కన్నార్పకుండా గమనించేవారు. చూసినవాళ్ళు వీళ్ళు నిజంగా ప్రేమించుకుంటున్నారని నన్ను పక్కకు పిలిచి అడిగారు. గమనించడం బయటికి అలాగే కనిపిస్తుంది.

ముట్టుకోవడం గురించి. ఇది సిగ్గుపడకుండా మాట్లాడుకోవాల్సిన విషయం. కత్తియుద్ధాన్ని ఎలా లెక్కపెట్టి నేర్చుకుంటారో స్పర్శనూ అలాగే నేర్చుకోవాలి. ఏ మాట దగ్గర, ఏ చేయి, ఎక్కడ, ఎన్ని అంకెలు, ఎప్పుడు వదలాలి అన్నది డైరెక్టర్ ముందు తేల్చుకుని స్క్రిప్టులో రాసుకోండి. రాయనిది స్టేజీ మీద చేయకూడదు, అది అబ్బాయికీ అమ్మాయికీ కూడా. ఎవరైనా ఎప్పుడైనా "ఇది నాకు వద్దు" అనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ఇద్దరే ఉండి ఆ సీన్లు రిహార్సల్ చేయకండి, మూడో మనిషి ఉండాలి. ఇప్పుడు సినిమాలకు దీనికోసం ఇంటిమసీ కోఆర్డినేటర్లు వస్తున్నారు. కాలేజీ నాటకంలో ఆ పని డైరెక్టరే చేయాలి. చేయకపోతే మీరు అడగాలి.

ముద్దు ఎలా అని అడిగారు. అక్కర్లేదు. ఆ మొదటి పద్నాలుగు పంక్తుల్లోనే దారి ఉంది: యాత్రికుల ముద్దంటే అరచేయికి అరచేయి ఆనించడమే అని జూలియట్ స్వయంగా అంటుంది. రెండు అరచేతుల మధ్య బెత్తెడు ఖాళీ ఉంచి, పంక్తి పంక్తికీ తగ్గించుకుంటూ, చివరి పంక్తికి ఆనించండి. ఆనిన క్షణంలో దాది పిలుపు. మా మూడు ప్రదర్శనల్లోనూ ఇదే చేశాం. హాలు ఊపిరి బిగబట్టేది.

భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలు మీకు పనికొస్తాయి: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. బిగుసుకుపోవడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు తగ్గడం, కన్నీరు, స్పృహ తప్పడం. చూడండి, మీకు రిహార్సల్లో ఇబ్బందిగా అనిపిస్తున్న బిగుసుకుపోవడం, గొంతు మారడం ఆ జాబితాలోనే ఉన్నాయి. వాటిని దాచకండి. మొదటిసారి కలిసిన జూలియట్‌కు కూడా గొంతు ఆరిపోయి ఉంటుంది.

తెల్లవారుజాము సీను గురించి ఒక్కటే చెబుతాను. అది వాదన. కూసింది రాత్రి పిట్ట అని ఆమె, పగటి పిట్ట అని అతను. అతను సరే ఉండిపోతాను, చస్తే చస్తాను అనగానే ఆమె మాట మార్చి, లేదు తెల్లారింది, వెళ్ళు అంటుంది. ఆ మలుపు దొరికితే సీను దొరికినట్టే.

సమాధిలో ఏడవకండి. రోమియో ఆమె పెదవుల మీద, బుగ్గల మీద ఎరుపు ఇంకా పోలేదని చూసి చెబుతాడు. ఆమె చనిపోయినట్టు కనిపించే మందు తాగి పడుకుందనీ, బతికే ఉందనీ హాలంతటికీ తెలుసు, అతనొక్కడికే తెలియదు. అతను తీరిగ్గా, శ్రద్ధగా ఆ ఎరుపును చూస్తే చాలు, ఏడవాల్సింది చూసేవాళ్ళు, వాళ్ళే ఏడుస్తారు. పడుకుని ఉన్న మీరు ఛాతీతో కాకుండా పొట్టతో, నెమ్మదిగా ఊపిరి తీయడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. మీద దుప్పటి మడతలు పొట్ట దగ్గర వేయించుకుంటే కదలిక తెలియదు. మీరు లేచాక అతని పెదవులు ఇంకా వెచ్చగా ఉన్నాయన్న మాట ఉంటుంది. వేళ్ళతో తాకి చెప్పండి.

రిహార్సల్లో ఫోన్లు బయట పెట్టించండి. ఎవరో సరదాగా తీసిన పది సెకన్ల వీడియో క్లాస్ గ్రూపులో పడిందంటే మీ ఇద్దరికీ జత కట్టేస్తారు. మర్నాటి నుంచి మీరు మళ్ళీ బిగుసుకుపోతారు. రిహార్సల్ అయ్యాక పాత్ర వదిలే పద్ధతి ఒకటి పెట్టుకోండి. మా పిల్లలు మొహం కడుక్కుని, ఒకరినొకరు అసలు పేర్లతో పిలుచుకుని, అందరితో కలిసి ఇరానీ చాయ్‌కి వెళ్ళేవారు. ఐదు వారాలు ప్రేమ మాటలు చెప్పుకున్నాక మనసు కొంచెం కదలడం సహజం. కదిలితే కంగారు పడొద్దు. ఏ నిర్ణయమైనా నాటకం అయిపోయిన నెల తర్వాత తీసుకోండి.

ఇక అమ్మానాన్న. వాళ్ళకి కథ, మీ పాత్ర, ఎక్కడ చేయి పట్టుకుంటారు అన్నది ముందే చెప్పేయండి. వీలైతే ఒక రిహార్సల్‌కు పిలవండి. ఒక ఏడాది మా జూలియట్ వాళ్ళ నాన్న రిహార్సల్ హాల్లో మొహం ముడుచుకుని కూర్చున్నాడు. సీన్లో దాది కేకేయగానే, ఆయన కుర్చీలోంచి కొంచెం లేచి "అయ్యో, ఇంకొక్క నిమిషం ఆగొచ్చు కదా" అన్నాడు. ప్రదర్శన రోజు ఆయన అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు. రేపు రిహార్సల్‌కు ఒక బంతి తీసుకెళ్ళండి. మొదటి పంక్తి రోమియోది కాబట్టి బంతి ముందు అతని చేతికివ్వండి.